అర్జీల బల్ల దగ్గర

చిత్తూరు కోర్టు గోడవార నా బల్లకు ఒక కాలు పొట్టి.
ఇటుక పెంకు ఎత్తు పెట్టినా
టైపుమిషను మాటమాటకీ తలూపుతుంది.
ముప్పై యేండ్లుగా దానికొచ్చిన ఇంగ్లీషు ఒకటే,
చేతులు కట్టుకుని నిలబడే ఇంగ్లీషు.

సాయంత్రం అయిదుకు మునిశ్రీ వస్తుంది.
ఏడో తరగతి.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో వాళ్లమ్మ షిఫ్టు దిగేదాకా
నా పక్కన స్టూలు మీద కూర్చుంటుంది.
"మేడమ్ నా నోట్సంతా ఎర్రగా చేసేసింది సారూ"
అనింది మొదటి రోజు.
చూసినా.
పేజీ గంగజాతరకు పోయొచ్చినట్టుంది.

నాకు తెలిసిందే నేర్పినా.
వానకు బడి సెలవు కావాలన్నా
"ఐ హంబ్లీ సబ్మిట్" అని మొదలుపెట్టించినా.
పిల్ల బుద్ధిగా రాసి, కింద తనంతట తానే
"రెయిన్ ఈజ్ కమింగ్ వాకింగ్ ఫ్రమ్ ది హిల్" అనింది.
కొట్టెయ్యబోయి పెన్ను ఆపినా.
తప్పే.
కానీ మా పక్క వాన అట్లనే కదా వచ్చేది,
ముందు కొండ మీద కనబడి, తర్వాత చెరుకు తోటలో దిగి,
బెల్లం గానుగ పొగ అణిగినాకే మన నెత్తిన.
పక్కన చిన్న చుక్క పెట్టినా.
"ఇదేంది సారూ?"
"మళ్లీ చూద్దామని."

'ఎ' ఎక్కడ, 'ది' ఎక్కడ, అక్కడ ఇరుక్కుంది.
తెలుగులో ఈ పీడ లేదు, కుక్కంటే కుక్కే.
మొదటిసారి కనబడితే ఎ డాగ్, ఎవురిదో ఏమో.
రెండోసారికి ది డాగ్, నీకూ తెలుసు, నాకూ తెలుసు.
టీ కొట్టు బెంచీ కింద కుంటిదాన్ని చూపించినా.
లేచిపోయి సగం బిస్కెట్టు వేసొచ్చి
"ఇప్పుడు ది డాగ్" అనింది.

జూన్ నెలాఖర్లో
వాళ్లమ్మ కుడిచేతి రెండు వేళ్లు
గుజ్జు మిషను తీసుకుంది.
నష్టపరిహారం అర్జీ నేనే కొట్టినా, డబ్బు ముట్టలేదు.
మునిశ్రీ స్టూలు జరుపుకుని
అక్షరం అక్షరం గొణుక్కుంటా చదివింది.
ఒక చోట వేలు ఆగింది.
"ఎ ఉమన్ అని కొట్టినారే సారూ.
మా యమ్మ మీకు తెలుసు కదా.
మొన్న పొంగణాలు తెచ్చిచ్చింది కదా."

ఆఫీసోళ్లకు మొదటిసారి కదమ్మా, అన్నా.
రూలు ప్రకారం నేను చెప్పింది రైటే.
"పోనీ రెండో లైన్లోనన్నా?"

రెండో లైను చూసినా. మూడోది చూసినా.
అన్ని చోట్లా పిటిషనరే.
ఎ విడో, ఎ టెనెంట్, ఎ కూలీ,
ఈ బల్ల మీద ఎంతమందిని ఒక్కసారి కనబడనిచ్చి
ఆ తర్వాత కార్బన్ కాగితం కింద దాచేసినానో.

కాగితం బయటికి లాగినా. కొత్తది ఎక్కించినా.
"నువ్వు చెప్పు. నేను కొడతా."

కాసేపు గోర్లు కొరుక్కుంది.
"ది ఉమన్ కట్ మ్యాంగోస్ నైన్ యియర్స్.
ది హ్యాండ్ ఈజ్ స్టిల్ స్మెల్లింగ్ మ్యాంగో."

నైన్ ముందు ఒక 'ఫర్' పెట్టినా,
మ్యాంగో ముందు ఒక 'ఆఫ్'.
అంతకుమించి నేను దిద్దింది లేదు.

"ఇది అర్జీనా, కథా?" అన్నాడు గుమాస్తా.
ముద్ర మాత్రం వేసినాడు.
జవాబు ఇంకా రాలేదు.

మునిశ్రీ ఇప్పుడు పాస్ట్ టెన్స్ కాడికొచ్చింది.
"మై మదర్" అని రాసి,
"టెన్ ఫింగర్స్" అని అవతల రాసి,
నడుమ జాగా వదిలిపెట్టి
హ్యాజా, హ్యాడా సారూ అంటా ఉంది.

నేను తల వంచుకుని
రిబ్బను మార్చే పని పెట్టుకున్నా.